మా నాన్నది ఏ క్లాసు?

"సముద్రం పక్కన పుడితే సరిపోదు. లైఫ్ జాకెట్ లేకుండా నా ర్యాంపు దిగకు." పిల్లలందరి ముందు కోచ్ అనేసిన మాట ఇది. మస్కట్ దగ్గర సెయిలింగ్ క్లబ్బులో నా పని బోట్లు కడగడం, పగుళ్లకు ఫైబర్ అతకడం. కొట్టుకుపోతున్న ఓ పిల్లాడి బోటు కోసం నడుం లోతు నీళ్లలోకి దిగానంతే. నడుం లోతు! ఒడిశా తీరంలోని మా గోపాల్‌పూర్‌లో ఆ లోతుని ఎవరూ నీళ్లనరు.

సెలవుకి ఇంటికొచ్చి పది రోజులైనా ఆ మాట ఇంకా గుచ్చుతోంది. మా ఇంట్లోనూ ఉంది నారింజ రంగు జాకెట్. నాన్న దాన్ని దిండుగా వాడతాడు.

అయినా నిజం చెప్పాలి. మొదటి నెలలో కోచ్ లేజర్ అనే తెరచాప బోటు ఇస్తే మూడుసార్లు బోల్తా కొట్టించాను. నాలుగు మీటర్ల బోటు, ఒక్కడే మనిషి. బోటు లోపల అడుగున ఉన్న పట్టీకి పాదాలు తగిలించి, వీపు నీళ్లమీదకి వాల్చి, గాలికి ఎదురు బరువు మనమే కావాలి. తెప్ప మీద ఒదిగి కూర్చునే వంశం మాది. ఆ వాలడం నాకు ఎలా వస్తుంది?

అక్కడ బోటు మారాలంటే ఒళ్లు మార్చుకోవాలి. 15 ఏళ్ల దాకా ఆప్టిమిస్టు అనే పిల్లల బోటు, 2.3 మీటర్లు. తర్వాత లేజర్. కింద బోటు అదే, తెరచాపే మనిషిని బట్టి 4.7, 5.76, 7.06 చదరపు మీటర్లు. బ్రిటన్ వాడు బెన్ ఐన్‌స్లీ ఒలింపిక్స్‌లో లేజర్ మీద 1996లో రజతం, 2000లో స్వర్ణం కొట్టి, ఇంకా భారీ మనిషి కావాల్సిన ఫిన్ అనే బోటుకి మారడానికి తిని తిని బరువు పెంచాడట. ఆ ఫిన్‌లో 2004, 2008, 2012 మూడూ స్వర్ణాలే. తినడం కూడా ఉద్యోగంలో భాగమంటే మా అమ్మ మురిసిపోతుంది. మన చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌కి అర్హత సాధించింది కూడా ఒమాన్‌లోనే, ముసన్నాలో, 2021 ఏప్రిల్‌లో. ఆమెది లేజర్ రేడియల్, అంటే ఆ మధ్య తెరచాప.

తిట్టిన మూడో రోజు కోచే టీ తెచ్చిచ్చాడు. "మీ నాన్న ఏ క్లాసులు నడిపాడు?" అన్నాడు. క్లాసు అంటే అక్కడ బోటు రకం. నవ్వొచ్చింది, కానీ లెక్కపెట్టాను. తాతతో దుంగల తెప్ప. తర్వాత మేకు లేకుండా పలకల్ని తాడుతో కుట్టిన పడవ. ఇప్పుడు అప్పు చేసి కొన్న ఫైబర్ బోటు, మోటారు. మేకుల్లేకుండా పలకలు ఎలా ఆగుతాయో చెప్పమని కోచ్ పట్టుబడితే, రేసుల బోర్డు మీద పిల్లల పేర్లు చెరిపేసి ఆ కుట్టు గీశాను. పలకల సందులో కొబ్బరి పీచు, దాని మీదుగా అటూ ఇటూ తాడు. చాలాసేపు చూశాడు. షెడ్డులో ఉన్న జంట బోటుని చూపించి, క్యాటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచే వచ్చిందన్నాడు. తిట్టినందుకు మాత్రం సారీ చెప్పలేదు.

తాబేళ్లని కాపాడడానికి ఋషికుల్య నది వైపు నవంబరు నుంచి మే దాకా చేపల వేట బంద్. నాన్న అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. పక్కన కూర్చుని అడిగాను, "నాన్నా, నీది ఏ క్లాసు?"

"ఆరో క్లాసే కదరా, అదీ ఒడియా బళ్లో" అన్నాడు సూది ఆపకుండా.