జైర్ నుంచి జైర్ 31కి: యాభై డాలర్ల తేడా

పామ్ సంస్థ 2002 అక్టోబరులో జైర్ అనే చేతి ఆర్గనైజరును, అంటే పేర్లు, తేదీలు, నోట్సు దాచుకునే జేబు యంత్రాన్ని, 99 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అంతవరకూ పెద్ద ఉద్యోగుల చేతుల్లోనే కనిపించిన ఆ జాతి యంత్రం, అద్దె, కారు వాయిదా, ఇంటికి పంపవలసిన డబ్బు అన్నీ పోగా మిగిలినదానితో నెల గడుపుకునే నాలాంటి కొత్త ఉద్యోగికి అందిందంటే దానికి ఆ ధర తప్ప మరో కారణం లేదు. న్యూజెర్సీలో ఉండగా నేను మొదట కొన్నది ఆ తెల్ల పెంకు జైరే. 2004లో నా చేతిలో దాని స్థానంలోకి రంగుల తెర ఉన్న జైర్ 31 వచ్చింది. దాని ధర 149 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు 6,700 రూపాయలు. పెట్టెమీద పెద్దగా కనిపించేది రంగే అయినా, ఆ అదనపు యాభై డాలర్లలో రంగుకు దక్కవలసిన వాటా చాలా తక్కువని నా అభిప్రాయం.

మొదటి జైర్‌ను ఎంత పొదుపుగా తయారుచేశారో ఇప్పటివారికి చెబితే నవ్వుతారు. ప్రాసెసర్ వేగం 16 మెగాహెర్ట్జ్, మెమరీ 2 మెగాబైట్లు, తెర నిలువునా అడ్డంగా 160 చుక్కల (పిక్సెళ్ల) నలుపు తెలుపుది. మెమరీ కార్డు పెట్టే గాడి లేదు, మిగతా పామ్‌లకు ప్రోగ్రాముల మీటలు నాలుగుంటే దీనికి రెండే, అన్నిటికీ మించి తెర వెనుక దీపం లేదు. అయినా ఆ 2 మెగాబైట్లు చాలలేదని నాకెప్పుడూ అనిపించలేదు. పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీలు, చేయవలసిన పనుల జాబితా, చిన్న చిన్న నోట్సు, ఇవన్నీ ఉత్త అక్షరాలే కాబట్టి ఎన్ని రాసుకున్నా ఆ జాగా నిండేది కాదు. పైగా ప్రోగ్రాములు మెమరీలోంచే నేరుగా నడుస్తాయి గనుక మీట నొక్కీ నొక్కకముందే క్యాలెండర్ కళ్లెదుట ఉండేది. పామ్ రూపకర్త జెఫ్ హాకిన్స్ అసలు యంత్రం తయారుకాకముందే దాని కొలతకు ఒక చెక్కముక్కను చేయించుకుని జేబులో వేసుకు తిరిగాడన్న కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. కాగితం మీద రాసుకునే పనికంటే యంత్రం తీసి చూసే పని ఆలస్యం కాకూడదన్న ఆయన పట్టుదల అంత చవక నమూనాలోనూ చెక్కుచెదరలేదు.

నన్ను నిజంగా వేధించినది దీపం లేకపోవడం. న్యూజెర్సీ చలికాలంలో సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. మన ఊళ్లో తెల్లవారాక ఇంటికి ఫోన్ చేయాలంటే అక్కడ రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. అప్పట్లో ఇంటికి మాట్లాడాలంటే దుకాణంలో కొన్న కాలింగ్ కార్డు కావాలి, ముందు ఒక నంబరు, తరువాత చాంతాడంత పిన్ను, ఆ పైన మన దేశం కోడుతో అసలు నంబరు నొక్కాలి. ఆ అంకెలన్నీ నా జైర్ మెమోలో ఉండేవి. అయితే గదిలో ఇంకొకరు నిద్రపోతుంటే ఆ మెమో చదవడానికి వంటింటి దీపం కిందికి వెళ్లవలసి వచ్చేది. 2000లో వచ్చిన పామ్ ఎం100లో కూడా ఆకుపచ్చని దీపం ఉండేదని, 149 డాలర్ల ఆ యంత్రం ధరను 99కి దించే క్రమంలో దాన్ని తీసివేశారని తెలిసినప్పుడు, చవక వస్తువులో తయారీదారు ఏది మిగిల్చాడన్నదానికంటే ఏది తీశాడన్నది ముందు చూడాలని అర్థమయింది.

2004 వసంతంలో నా ముందున్న దారులు ఇవి. జైర్ 21 పాత ధరకే, 99 డాలర్లకే, 8 మెగాబైట్ల మెమరీతో, 126 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో దొరికేది గానీ తెర అదే నలుపు తెలుపుది, దీపమూ లేదు. జైర్ 31లో 200 మెగాహెర్ట్జ్ ఇంటెల్ ప్రాసెసర్, 16 మెగాబైట్ల మెమరీ, రంగుల తెర, ఎస్‌డీ కార్డు గాడి, మామూలు హెడ్‌ఫోన్లు పట్టే రంధ్రం ఉన్నాయి. ఇంకో యాభై డాలర్లు వేస్తే, అంటే 199కి, టంగ్‌స్టన్ ఇ వస్తుంది. దాని తెర 320 చుక్కలది, మెమరీ 32 మెగాబైట్లు. కెమెరా, బ్లూటూత్ ఉన్న జైర్ 72 ధర 299 డాలర్లు కాబట్టి అది నా ఆలోచనలోకే రాలేదు. విచిత్రమేమిటంటే ఎక్కువ ధర పలికే టంగ్‌స్టన్ ఇ ప్రాసెసర్ 126 మెగాహెర్ట్జ్‌దే. తక్కువ ధర యంత్రానికి వేగమిచ్చి, కంటికి కనిపించే నాణ్యతను మాత్రం పై మెట్టుకు దాచి ఉంచారు. 31 తెరను 160 చుక్కల దగ్గరే ఆపడానికి ఖర్చు ఒక కారణమైతే, 199 డాలర్ల సోదరుడి గిరాకీ పడిపోకుండా చూసుకోవడం ఇంకో కారణమై ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

పామ్‌కు రంగు కొత్తేమీ కాదు. 2000లో వచ్చిన త్రీసీ దాని మొదటి రంగుల యంత్రం, ధర 449 డాలర్లు. 2002లో ఎం130 తక్కువ ధర రంగుల యంత్రంగా వచ్చింది. అది 65,536 రంగులు చూపుతుందని మొదట ప్రకటించి, పక్కపక్క చుక్కలను కలిపి చూపే కిటుకుతో లెక్కవేసినా వచ్చేవి 58,621 మాత్రమేనని ఆ తరువాత సంస్థే సవరించుకుంది. జైర్ 31 విషయంలో అలాంటి అతిశయం లేదు, 4,096 రంగులని సూటిగానే రాశారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి పదహారు మెట్లలో కలిస్తే వచ్చే లెక్క అది. ఫొటో చూస్తే ఆకాశం మెట్లు మెట్లుగా విరిగి కనిపించేది. తెర కూడా ఖరీదైన టీఎఫ్‌టీ రకం కాదు, సీఎస్‌టీఎన్ అనే చవక రకం. చూసే కోణం కాస్త మారితే రంగు వెలిసిపోయేది, ఎండలోకి వెళితే దాదాపు ఏమీ కనిపించేది కాదు. పాత జైర్ తెర ఎండ ఎంత కాస్తే అంత స్పష్టంగా ఉండేది. నలుపు తెలుపు తెర పగటిపూటకు, రంగుల తెర రాత్రిపూటకు పనికివచ్చేవి. నా అవసరం రాత్రిదే కావడంతో ఎంపిక కష్టం కాలేదు.

అయితే రంగు ఒకచోట నాకు నిజంగా ఉపయోగపడిందని ఒప్పుకోవాలి. కొత్త క్యాలెండర్‌లో పనులను వర్గాలుగా విడదీసి ఒక్కొక్క వర్గానికి ఒక రంగు ఇవ్వవచ్చు. ఆఫీసు పనులకు నీలం, వీసా కాగితాల గడువులకు ఎరుపు, ఇంటి విషయాలకు ఆకుపచ్చ పెట్టుకున్నాను. ఎరుపు చుక్క కనిపించిన వారంలో మిగతావి ఎలా ఉన్నా ముందు దాని సంగతి చూడాలని చదవకుండానే తెలిసేది. కాంటాక్ట్స్‌లో పుట్టినరోజు గడి చేర్చారు, అక్కడ తేదీ వేస్తే అది క్యాలెండర్‌లోకి తనంతట తానే చేరేది. కానీ మన లెక్కలన్నీ ఆంగ్ల తేదీలకు లొంగవు కదా. తాతగారి తద్దినం తిథిని బట్టి వస్తుంది. ప్రతి ఏడాది ఫలానా తేదీ అనో, ప్రతి నెలా మూడో శనివారమనో చెబితే వినే ఆ యంత్రానికి మాఘ బహుళ ఏకాదశి అని చెప్పే వీలు లేదు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే మా నాన్నగారు ఫోనులో ఆ ఏటి తేదీలు చదివి వినిపిస్తే, నేను ఒక్కొక్కటే ఆకుపచ్చ రంగులో ఎక్కించుకునేవాణ్ణి.

తెలుగు అక్షరాల ఊసే లేదు. కంప్యూటర్లో విండోస్ ఎక్స్‌పీ అప్పటికే తెలుగు చూపుతున్నా, అన్ని భాషల అక్షరాలనూ కంప్యూటర్లలో చూపే ఉమ్మడి పద్ధతి అయిన యూనికోడ్ పామ్‌కు తెలియదు. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలి. ఆ రాత విషయంలో కొత్త యంత్రం నన్ను కొన్నాళ్లు తికమక పెట్టింది. పాత జైర్‌లో చిన్న ప్లాస్టిక్ కలంతో యంత్రం మీద రాయడానికి గ్రాఫిటీ అనే లిపి ఉండేది, దాదాపు ప్రతి అక్షరమూ కలం ఎత్తకుండా ఒక్క గీతతో పూర్తయ్యేది. ఆ పద్ధతి తమ పేటెంటును ఉల్లంఘిస్తోందని జిరాక్స్ సంస్థ 1997లో వేసిన దావా ఏళ్ల తరబడి నడిచింది. ఆ నేపథ్యంలో 2003 నుంచి పామ్ గ్రాఫిటీ 2 అనే కొత్త లిపికి మారింది. ఇందులో టీ, కే, ఎక్స్ వంటి కొన్ని అక్షరాలకు రెండు గీతలు కావాలి. నిలువు గీత గీస్తే ఎల్, దాని వెంట అడ్డగీత గీస్తే టీ. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలడానికి గీయవలసిందీ అడ్డగీతే. అందువల్ల గోపాల్ అని రాసి వెంటనే ఇంటిపేరు మొదలుపెడదామని ఖాళీ ఇస్తే అది గోపాట్ అయి కూర్చునేది. ఎల్ తరువాత ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకోవలసి వచ్చింది. వేగంగా రాయడంలో పాత లిపిదే పైచేయి అని నేను ఇప్పటికీ అంటాను.

పాత యంత్రంలోని సమాచారాన్ని కొత్తదానిలోకి మార్చడం అనుకున్నంత కష్టం కాలేదు. కంప్యూటర్లో పామ్ డెస్క్‌టాప్ అనే పామ్ వారి ప్రోగ్రాము కొత్తది ఎక్కించి, పాత వినియోగదారు పేరే ఎంచుకుని హాట్‌సింక్ చేస్తే, అంటే యంత్రాన్ని కంప్యూటరుకు తగిలించి రెండింటిలోని సమాచారాన్ని సరిచూపిస్తే, డేట్ బుక్‌లోని విషయాలు క్యాలెండర్‌లోకి, అడ్రస్ బుక్‌లోనివి కాంటాక్ట్స్‌లోకి వచ్చి చేరాయి. పాత ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాములను కొత్త యంత్రాన్ని నడిపే పామ్ ఓఎస్ 5 వ్యవస్థ లోలోపల అనుకరణ ద్వారా నడుపుతుంది కాబట్టి నేను వాడే ఖర్చుల లెక్క, చిన్న నిఘంటువు మార్పు లేకుండా పనిచేశాయి. యంత్రం లోపలి అమరికతో చెలగాటమాడే కిటుకు ప్రోగ్రాములు ఉన్నవారికి మాత్రం అంత సుఖం ఉండదు. వాటిని ముందే తీసివేసి మారడం మంచిది.

ఇక కార్డు గాడి. అమ్మేవారు దాన్ని పాటల కోసమని చెప్పేవారు. రియల్ సంస్థ ప్లేయరుతో కార్డు మీది ఎంపీ3 పాటలు వినవచ్చు, 128 మెగాబైట్ల కార్డులో మామూలు నాణ్యతతో రెండు గంటలకు కొంచెం పైగా పాటలు పట్టేవి. రైల్లో ఆఫీసుకు వెళ్లేటప్పుడు విన్నమాట నిజమే గానీ, పాటల కోసం బ్యాటరీ ఖర్చుచేయడం నాకు మనసొప్పేది కాదు. ఎందుకంటే ఈ యంత్రంలో సమాచారమంతా చార్జింగు ఉన్నంతకాలమే బతికే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పేర్లూ తేదీలూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, తిరిగి కంప్యూటరుకు తగిలించి హాట్‌సింక్ చేస్తేనే వెనక్కి వస్తాయి. పాత జైర్‌లోనూ మెమరీ తీరు ఇదే అయినా, వారాల తరబడి చార్జింగు నిలిచేది కాబట్టి దాని గురించి ఆలోచించే అవసరం రాలేదు. దీపమూ రంగూ వచ్చాక వారాలు రోజులకు దిగాయి. ఇంట్లో, మన కంప్యూటరు పక్కన ఉన్నంతకాలం ఫర్వాలేదు. సెలవు పెట్టి నెల రోజులు మన దేశం వచ్చినప్పుడు, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఉన్నప్పుడు, అది చిన్న విషయం కాదు. అలాంటప్పుడు మొత్తం సమాచారానికి కార్డు మీద నకలు తీసిపెట్టే చిన్న ప్రోగ్రాములే ఆదుకునేవి. కార్డులోది చార్జింగు పోయినా చెరగదు కదా. నా దృష్టిలో జైర్ 31లో యాభై డాలర్లకు సరితూగే భాగం ఆ గాడి, దాని తరువాత దీపం. రంగుది మూడో స్థానం.

ఈ వరుస ఎందుకు చెబుతున్నానంటే, 2005లో వచ్చిన జెడ్22 దీన్ని సరిగ్గా తిరగేసింది. రంగుల తెర ఉన్న యంత్రం 99 డాలర్లకే దిగివచ్చింది. 32 మెగాబైట్ల మెమరీ చార్జింగు లేకపోయినా చెరిగిపోని రకం కాబట్టి సమాచారం పోతుందన్న భయం తీరింది. దానికి బదులుగా కార్డు గాడినీ హెడ్‌ఫోన్ల రంధ్రాన్నీ తీసేశారు. మొదటిసారి కొనేవారికి అది జైర్ 31కంటే మెరుగైన బేరమేనని అడిగినవారందరికీ చెప్పాను. నేను మాత్రం మారలేదు. అప్పటికే కార్డు మీద నిఘంటువు, తిరుగు ప్రయాణపు వివరాలు, నకళ్లు పెట్టుకోవడానికి అలవాటుపడ్డాను, పైగా క్యాలెండర్ ఉన్న ఫోన్లు ఒక్కొక్కటే చవకవుతూ వస్తుండడంతో రెండు యంత్రాలు మోయడం ఎంతోకాలం సాగదని కనిపిస్తూనే ఉంది. 2010లో పామ్ సంస్థను హెచ్‌పీ కొనేనాటికి నా జైర్ 31 పూర్తిగా సొరుగుకే పరిమితమయింది.

ఇంకా ఇంట్లో ఇలాంటి యంత్రం ఉన్నవారికి ఒక మాట. యూఎస్‌బీ తీగతో హాట్‌సింక్ చేయడానికి కావలసిన డ్రైవరును పామ్ సంస్థ 64 బిట్ విండోస్‌కు ఇవ్వలేదు కాబట్టి పాత 32 బిట్ కంప్యూటరు ఏదైనా పనిచేస్తుంటే దాన్ని పారవేయకండి. దానిలో పామ్ డెస్క్‌టాప్ తెరిచి పేర్లను వీకార్డు అనే కాంటాక్టుల ఫైలు రూపంలోకి ఎగుమతి చేస్తే ఇప్పటి ఫోన్లు వాటిని నేరుగా తీసుకుంటాయి. మెమోలను మాత్రం మామూలు అక్షరాల ఫైలుగా దాచుకుంటే చాలు.