ఆంపూల్ విరిచే ముందు

అంబులెన్సులోని మందుల పెట్టె చూడటానికి చిన్నదే. అడ్రినలిన్, అట్రోపిన్, 25 శాతం డెక్స్‌ట్రోజ్, మిడజోలామ్, మెగ్నీషియం సల్ఫేట్, ఆక్సిటోసిన్, హైడ్రోకార్టిసోన్, నాలుక కింద పెట్టే సార్బిట్రేట్, నమిలించే ఆస్పిరిన్, నెబ్యులైజర్‌లో పోసే సాల్బుటమాల్. బండిని బట్టి కొంచెం అటూ ఇటూ అయినా దాదాపు ఇంతే. కొత్తగా చేరిన ఈఎంటీ (బండిలో రోగిని చూసుకునే టెక్నీషియన్) ఈ పేర్లనూ, ఏది ఏ జబ్బుకు ఇవ్వాలన్నదాన్నీ కొద్ది రోజుల్లోనే అప్పజెప్పగలడు. వరంగల్ చుట్టుపక్కల 108 బండ్లలో పనిచేసి, ఇప్పుడు కొత్తవాళ్లకు పాఠం చెబుతున్న నాకు భయం అక్కడ ఉండదు. ఏ మందు ఇవ్వాలో చక్కగా తెలిసిన మనిషే, ఆంపూల్‌లో (మందుండే చిన్న గాజు సీసాలో) అది ఎంత బలంతో ఉందో, ఏ దారిన లోపలికి పోవాలో, ఎంత వేగంగా పోవాలో చూసుకోకుండా ఇచ్చిన చోట ప్రమాదం జరుగుతుంది. ఇది చదివి ఇంట్లో ఎవరూ సూది పట్టుకోకూడదు. బండిలో పనిచేసేవారికీ, రోగి పక్కన కూర్చుని వచ్చే బంధువులకూ పనికొస్తుందని రాస్తున్నాను.

అడ్రినలిన్‌తో మొదలుపెడతాను. మన దగ్గర దొరికే ఆంపూల్‌లో 1 మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము మందు ఉంటుంది. దీన్నే లేబుళ్ల మీద 1:1000 అని రాయడం అలవాటు. గుండె ఆగినప్పుడు రక్తనాళంలోకి ఇచ్చే 1:10,000 ద్రావణానికి ఇందులో పదో వంతు బలమే ఉంటుంది. అంటే నిష్పత్తిలో సున్నా పెరిగితే మందు బలం తగ్గుతుంది. ఊగుతున్న బండిలో, ఏడుస్తున్న బంధువుల మధ్య ఈ లెక్క తలకిందులు కావడానికి క్షణం చాలు. అందుకే నేను నిష్పత్తులను పాఠంలోంచి పూర్తిగా తీసేశాను; మా తరగతిలో మిల్లీగ్రాములూ మిల్లీలీటర్లూ తప్ప మూడో మాట ఉండదు.

ములుగు వైపు అడవికి పోయినవారికి తేనెటీగలు కుట్టినా, ఊళ్లో యాంటీబయాటిక్ సూది పడక ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుని, బీపీ పడిపోయినా, ఇవ్వవలసిన మొదటి మందు అడ్రినలిన్. పెద్దవారికి 0.5 మిల్లీగ్రాము, అంటే అర మిల్లీలీటరు, తొడ బయటివైపు కండరంలోకి ఇవ్వాలి. తగ్గకపోతే 5 నిమిషాల తరువాత మళ్లీ ఇవ్వవచ్చు. ఊపిరి తీసుకోవడానికి కూర్చోవలసిన స్థితి ఉంటే తప్ప రోగిని పడుకోబెట్టే ఉంచాలి. బీపీ పడిపోయిన మనిషిని హఠాత్తుగా లేపి నిలబెడితే అక్కడికక్కడే గుండె ఆగిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఈ విషయంలో నేను ఎక్కువగా చూసే పొరపాటు మోతాదుది కాదు, ఆలస్యానిది. ఆర్‌ఎంపీ దగ్గర ముందు ఏవిల్ (అలర్జీ సూది), తరువాత హైడ్రోకార్టిసోన్ వేసి, అవి పనిచేస్తాయేమోనని ఎదురుచూసి, చివరికి 108కు ఫోన్ చేస్తారు. ఆ రెండూ దురదకూ, తరువాతి గంటలకూ తోడ్పడవచ్చునేమో గాని మూసుకుపోతున్న గొంతును తెరవలేవు.

పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున ఇవ్వాలి. 15 కిలోల పిల్లకు 0.15 మిల్లీలీటరు అవుతుంది. ఇంత కొద్ది మందును కొలవడానికి చేతికి దొరికిందని ఇన్సులిన్ సిరంజి తీసేవారుంటారు. మన దేశంలో 40 యూనిట్ల సిరంజి, 100 యూనిట్ల సిరంజి రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకదానిలో 0.15 మిల్లీలీటరు 6వ గీత దగ్గర, ఇంకోదానిలో 15వ గీత దగ్గర వస్తుంది. పైగా ఆ సూది పొట్టిది, తొడ కండరం దాకా పోదు. ఒక మిల్లీలీటరు ట్యూబర్కులిన్ సిరంజికి తగిన పొడవున్న సూది తగిలించుకోవడమే సరైన పద్ధతి.

గుండె ఆగిన మనిషికి మాత్రం అదే అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము, 3 నుంచి 5 నిమిషాలకొకసారి, రక్తనాళంలోకి ఇచ్చి, వెనుకనే 20 మిల్లీలీటర్ల సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తి పట్టుకుంటాము. నాడి కొట్టుకుంటున్న మనిషికి ఇంత మోతాదు ఒక్కసారిగా నరంలోకి పోతే గుండె లయ తప్పవచ్చు, బీపీ విపరీతంగా పెరిగి మెదడులో రక్తస్రావం జరగవచ్చు. కాబట్టి అడ్రినలిన్ సిరంజి పట్టుకున్నవారు "నాడి ఉందా?" అని పైకి అడిగి, జవాబు పైకి విన్న తరువాతే ముందుకు పోవాలని మా దగ్గర నియమం పెట్టాను. మనసులో అనుకుంటే చాలదు.

ఇక మన ప్రాంతంలో ఎక్కువ మాట్లాడుకోవలసిన మందు అట్రోపిన్. పత్తి చేలు ఉన్నంతకాలం మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ డబ్బాలు ఇంటి చూరు కింద ఉంటూనే ఉంటాయి, "మందు తాగిండు, జల్ది రండి" అన్న ఫోన్లు వస్తూనే ఉంటాయి. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, సూది మొన అంతగా చిన్నబోయిన కంటిపాపలు, ఊపిరితిత్తుల్లో గురగుర, మందగించిన నాడి కనిపిస్తే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు విషమని అనుమానించాలి. ముందు మనం గ్లౌజులు తొడుక్కుని, రోగి బట్టలు తీసేసి, ఒళ్లు కడిగి, ఎడమ పక్కకు తిప్పి, నోరు సక్షన్‌తో శుభ్రం చేసి, ఆక్సిజన్ పెట్టాలి. ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, పచ్చిగుడ్లు పట్టించి కక్కించే అలవాటు ఇంకా పోలేదు. ఆ కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయి, విషం చేయని పనిని కూడా చేస్తుంది.

మన దగ్గరి అట్రోపిన్ ఆంపూల్‌లో సాధారణంగా 0.6 మిల్లీగ్రాము ఉంటుంది. విషం తాగిన పెద్దవారికి మొదటి మోతాదు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు, అంటే 3 నుంచి 5 ఆంపూళ్లు. 5 నిమిషాల్లో మార్పు రాకపోతే మోతాదును రెట్టింపు చేస్తూ పోవాలి. గుండె నెమ్మదించినప్పుడు అట్రోపిన్ మొత్తం 3 మిల్లీగ్రాములు దాటకూడదని చదువుకున్న ఈఎంటీ ఇక్కడ ఆగిపోతాడు. ఆ పరిమితి గుండె జబ్బుకు సంబంధించినది. విషానికి 3 మిల్లీగ్రాములు ఆరంభం మాత్రమే. ఎక్కడ ఆపాలో ఆంపూళ్ల లెక్క చెప్పదు, రోగి ఊపిరితిత్తులు చెబుతాయి. స్టెతస్కోపు పెడితే గురగుర పోయి గాలి శుభ్రంగా ఆడాలి, చంకలు పొడిబారాలి, నాడి 80 దాటాలి, పై బీపీ 80కి పైన నిలవాలి. కంటిపాపలు పెద్దవి కావాలని ఎదురుచూడకూడదు, అవి ఆలస్యంగా మారుతాయి. మందు మితిమీరితే రోగి ఒళ్లు కాలిపోతుంది, బట్టలు పీక్కుంటాడు, లేనివాళ్లతో మాట్లాడతాడు, పొట్ట ఉబ్బుతుంది. మే నెలలో రేకు కాలే బండిలో ఆ జ్వరం ఇంకా ప్రమాదకరం. ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు 100 కిలోమీటర్లు. రెట్టింపు లెక్కలో పెట్టెలోని ఆంపూళ్లు దారిలోనే అయిపోవచ్చు. బయలుదేరేటప్పుడే 108 కేంద్రంలో ఫోన్‌లో సలహా ఇచ్చే ఈఆర్‌సీపీ డాక్టరుతో మాట్లాడి, దారిలో ఏ ఆసుపత్రిలో మందు దొరుకుతుందో తెలుసుకోవడం కూడా చికిత్సలో భాగమే.

బంధువులను నేను బతిమాలేది ఒకటే: డబ్బా తీసుకురండి, ఖాళీదైనా సరే. ప్రతి పురుగుల మందూ ఆర్గానోఫాస్ఫేట్ కాదు. కలుపు మందుల్లో పారాక్వాట్ అయితే అట్రోపిన్‌తో పని లేదు, విరుగుడు లేనే లేదు, పైగా శరీరంలో ఆక్సిజన్ నిజంగా పడిపోతే తప్ప ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులకు మరింత కీడు జరుగుతుంది.

స్పృహ లేని ప్రతి మనిషికీ గ్లూకోమీటర్ పెట్టడం మరో నియమం. "పక్షవాతం కొట్టింది" అని పిలిచిన ఇంట్లో షుగర్ 40 కనిపించడం అరుదైన సంగతి కాదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఇస్తే 25 గ్రాముల గ్లూకోజ్ అందుతుంది. అయితే ఆ ద్రావణం నరం బయటికి జారితే చుట్టూ ఉన్న మాంసం చచ్చుబడుతుంది కాబట్టి, ముందు సెలైన్ తోసి కాన్యులా (నరంలో పెట్టిన గొట్టం) సరిగ్గా ఉందని చూసుకుని, నెమ్మదిగా ఇవ్వాలి. ఆ తరువాత రోగి లేచి కూర్చుని, "మంచిగైంది తమ్మీ, ఇంటికాడ దింపు" అంటాడు. అతను షుగర్ గోళీలైన గ్లిబెన్‌క్లమైడ్ గాని గ్లిమెపిరైడ్ గాని వాడేవాడైతే దింపకూడదు. ఆ గోళీల ప్రభావం గంటల తరబడి ఉండి షుగర్ మళ్లీ పడిపోతుంది.

ఫిట్స్‌కు వాడే మిడజోలామ్‌లో బలాల తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక వయల్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, ఇంకో ఆంపూల్‌లో 5 మిల్లీగ్రాములు. 40 కిలోలు దాటినవారికి కండరంలోకి 10 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే ఒకదానితో 10 మిల్లీలీటర్లు, ఇంకోదానితో 2 మిల్లీలీటర్లు. నరం దొరకలేదని సమయం పోగొట్టనక్కరలేదని, కండరంలోకి ఇచ్చిన మిడజోలామ్ నరంలోకి ఇచ్చిన లోరాజెపామ్‌కు (ఫిట్స్‌కే వాడే ఇంకో మందు) తీసిపోదని 2012లో వెలువడిన రాంపార్ట్ పరిశోధన చూపింది. ఇచ్చాక ఊపిరి మందగించవచ్చు గనుక అంబూ బ్యాగు (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ముందే చేతికందేటట్టు ఉండాలి.

ఫిట్స్ వచ్చింది గర్భిణికైతే, లేదా ఇటీవలే కాన్పు అయిన ఆమెకైతే, ముందు ఆలోచించవలసింది మెగ్నీషియం సల్ఫేట్. 50 శాతం ఆంపూల్ 2 మిల్లీలీటర్లలో 1 గ్రాము ఉంటుంది. 4 ఆంపూళ్లకు, అంటే 8 మిల్లీలీటర్లకు, 12 మిల్లీలీటర్ల నీరు కలిపి 20 శాతానికి తెచ్చి, కనీసం 5 నిమిషాలు తీసుకుని నరంలోకి ఇచ్చి, తరువాత ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా ఇస్తారు. మోకాలి రిఫ్లెక్స్ పోయినా, ఊపిరి నిమిషానికి 16 కంటే తగ్గినా తరువాతి మోతాదు ఆపి, విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేయాలి. నరసంపేట, పరకాల దారుల్లో చీకట్లో మోకాలి రిఫ్లెక్స్ చూడటానికి ఒకే మార్గం, పైలట్‌కు (బండి నడిపేవారికి) చెప్పి బండి ఒక నిమిషం పక్కకు ఆపించడం. ఆపడానికి మొహమాటపడేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

కాన్పు తరువాత రక్తస్రావం తగ్గించే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మన ఎండాకాలంలో ఐస్ బాక్సు లేని ఆంపూల్ మీద నాకు నమ్మకం ఉండదు. 10 యూనిట్లు కండరంలోకి, బిడ్డ పుట్టాక, కడుపులో ఇంకో బిడ్డ లేదని చేత్తో చూసుకున్నాక మాత్రమే ఇవ్వాలి. "నొప్పులు తొందరగ రానీకి ఒక సూది ఎయ్యి బిడ్డా" అని అత్తగారు ఎంత అడిగినా బండిలో ఆ సూది వేయకూడదు, గర్భసంచి పగిలే ప్రమాదం ఉంది.

గుండెనొప్పికి ఇచ్చే సార్బిట్రేట్ గురించి రెండు మాటలు చాలు: పై బీపీ 90 కంటే తక్కువ ఉన్నా, అంగస్తంభన కోసం గడిచిన 24 గంటల్లో సిల్డెనాఫిల్ గాని 48 గంటల్లో టడలాఫిల్ గాని వేసుకున్నా ఇవ్వకూడదు. ఈ ప్రశ్న భార్య ముందు అడిగితే నిజం రాదు కాబట్టి ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి అడగాలి.

ఈఆర్‌సీపీ డాక్టరు ఫోన్‌లో చెప్పిన మోతాదును మిల్లీగ్రాముల్లో ఒకసారి, మిల్లీలీటర్లలో ఒకసారి తిరిగి చెప్పి "అవును" అనిపించుకోవాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి గనుక అంకెలు విడివిడిగా పలకాలి. బండి కదలకముందే మందు సిరంజిలోకి లాగి, పేరూ బలమూ సమయమూ రాసిన టేపు అంటించి, ఆంపూల్‌ను పైలట్‌కు చూపించి అతనితో చదివించాలి. అతను వైద్యం చదువుకోకపోయినా పేరూ, అంకెలూ, ఎక్స్‌పైరీ తేదీ చదవగలడు. మనం చదవాలనుకున్నదాన్నే చదివే అలవాటు అతనికి ఉండదు. ఖాళీ ఆంపూళ్లను ట్రేలోనే ఉంచి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి క్యాజువాలిటీలో అప్పగించేటప్పుడు డ్యూటీ డాక్టరుకు చూపించి, చివరి మోతాదు ఏ సమయానికి ఇచ్చామో కేసు షీటులో ఆమె ఎదుటే రాయించుకున్న తరువాతే స్ట్రెచర్ వెనక్కి తీసుకోవాలి.