గాజు మందారం: నా అనుభవం

మందారపువ్వును గాజులో చేయాలని పూనుకున్ననాడు దాన్ని బాగా ఎరుగుదుననే అనుకున్నాను. రేకులు ఒక్కొక్కటే విప్పి చూశాక గానీ, ప్రతి రేకూ ఒక అంచుతో పక్కదాన్ని కప్పుతూ రెండో అంచును ఇవతలి రేకు కింద దాచుకుంటుందనీ, పువ్వుకు ఆ సుడి తిరిగిన రూపం అందువల్లే వస్తుందనీ తెలియలేదు. కేసరాలన్నీ కలిసి గొట్టమైతే, దాని లోపలి నుంచి కీలం సాగి కొసన ఐదుగా చీలుతుంది.

వేడికి బాగా తట్టుకునే బోరోసిలికేట్ గాజు కడ్డీ కొసను గ్యాస్ టార్చ్ మంటలో ముద్దగా కరిగించి, గ్రాఫైట్ పలకతో అదిమి, పట్టకారుతో అంచులను లాగితే రేకు తయారవుతుంది. కష్టమంతా రేకు మీది ఈనెల దగ్గరే. వెంట్రుకంత సన్నని గాజు పోగును రేకు మీద పరిచి వేడి చేసేటప్పుడు, మంట కాస్త ఎక్కువైతే ఈనె రేకులో కలిసి మాయమవుతుంది, తక్కువైతే పైన తీగ అంటించినట్టు కనబడుతుంది. కాడ్మియంతో చేసిన ఎరుపు గాజైతే మరీ సున్నితం. వేడి మించితే పొంగి బుడగలు కడుతుంది.

మొదటి మూడు పువ్వులూ పగిలాయి. మూడోదాన్ని నెమ్మదిగా చల్లారడానికి రాత్రి కొలిమిలో పెట్టి ఉదయం తలుపు తీస్తే, రేకులు గొట్టాన్ని కలిసే చోట సన్నని పగులు మెరిసింది. లావుగా ఉన్న గొట్టం ఇంకా ఎర్రగా ఉండగానే పలుచని రేకులు చల్లారిపోవడమే కారణం.

ఆ రోజుల్లోనే గాజు కళాకారులైన బ్లాష్కా తండ్రీకొడుకులు 1887 నుంచి 1936 వరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయం కోసం చేసిన గాజు మొక్కల గురించి చదివాను. సుమారు 4,300 నమూనాలు చేసిన ఆ చేతులు కాడల లోపల ఇనుప తీగను, కొన్నిచోట్ల జిగురును కూడా వాడాయని తెలిసి నాకెంతో ధైర్యం కలిగింది. అంతా మంటలోనే అతకాలన్న పట్టుదల వదిలి, కాడను విడిగా చేసుకున్నాను. అసలు పువ్వులో లాగే రేకు మొదలును దళసరిగా ఉంచి అంచుకు క్రమంగా పలచన చేశాను. అతుకు పూర్తయ్యేదాకా పువ్వంతటికీ మెత్తని మంట తగిలిస్తూ, ముందే 560 డిగ్రీల సెల్సియస్‌కు కాచిన కొలిమిలోకి నేరుగా చేర్చి, గంటసేపు నిలిపి, ఆపై నిదానంగా చల్లార్చాను.

నాలుగో పువ్వును వెలుతురు ఆగిపోయేలా అడ్డంగా తిప్పి పెట్టిన రెండు పోలరైజర్ ఫిల్ముల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలుచని పొరల) మధ్య పట్టి చూశాను. గాజులో ఒత్తిడి మిగిలి ఉంటే ఆ చోటు వెలుగుతుంది. అతుకు చుట్టూ చీకటిగానే ఉంది. మరునాడు కాడను జిగురుతో అతికించాను.