కథలు పక్కన పెట్టి కలంకారీ పట్టుకున్నాను
కథ రాయాలంటేనే విసుగొచ్చేసింది. కొన్నాళ్లు ఫైల్ తెరవకుండా హాయిగా నిద్రపోయాను, మధ్యాహ్నాలు కూడా (అమ్మ సణుగుడు వేరే సంగతి). ఆ తర్వాతే శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ నేర్చుకోవడం మొదలుపెట్టాను. గుడ్డని కరక్కాయ కలిపిన గేదె పాలలో తడిపి ఎండబెట్టాలి, లేకపోతే రంగు పాకిపోతుంది. కలంగా వాడే వెదురు పుల్లకి చుట్టిన గుడ్డని వేళ్లతో నొక్కుతుంటే రంగు కొద్దికొద్దిగా దిగుతుంది. నల్లరంగు మరీ విడ్డూరం, తుప్పు పట్టిన ఇనుముని బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి చేస్తారు, కంపు సంగతి అడగొద్దు. ఇక్కడ తొందరపడితే ఏ పనీ అవదు, పైగా నా గీత బాగుండాలని ఎవరూ ఎదురుచూడరు, నాకు కావాల్సింది అదేనేమో. నెమలి మెడ ఇంకా వంకరగానే వస్తోంది. ఇక పటికతో ఎరుపు ఎలా పట్టించాలో చూపిస్తామన్నారు.