ఎర్ర కోటు సిపాయిల కోసం మూడుసార్లు రైలెక్కాను

నిన్న సాయంత్రం పార్సిల్ హన్మకొండలో మా ఇంటికి చేరింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర జరిగిన చందుర్తి యుద్ధాన్ని రంగులు వేసిన చిన్న సైనికుల బొమ్మలతో టేబుల్ మీద ఆటగా నిలబెట్టాలని నాకు నాలుగేళ్లుగా కోరిక. కల్నల్ ఫోర్డ్ ఇంగ్లిష్ సైన్యం, విజయనగరం ఆనంద గజపతి బలగం ఒకవైపు. కాన్‌ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యం రెండోవైపు. పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలిచి ఆడతాం. ఫ్రెంచివాళ్లను పోయినేడే పూర్తి చేశాను. ఆ తెల్ల కోట్ల మీద నేను తెచ్చిన నీడలు హైదరాబాద్‌లో ఆడేవాళ్లు కూడా తేలేకపోయారు. ఇక కావలసింది ఫోర్డ్ సిపాయిలు, అంటే ఆయన కింద పోరాడిన మనదేశపు సైనికులు. ఇంగ్లండ్ నుంచి 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు 48 తెప్పించాను. ఆర్డర్ పెట్టడం పది నిమిషాల పని.

పార్సిల్‌ను మధ్యలో కస్టమ్స్ వాళ్లు ఆపేశారు. స్వయంగా వచ్చి మాట్లాడమన్నారు. కాజీపేటలో రైలెక్కి వాళ్ల ఆఫీసుకు వెళ్లాను.

"ఏంది సార్ ఇవి?" అన్నాడు సీట్లో ఉన్నాయన.

"సైనికుల నమూనాలండీ."

"అంటే బొమ్మలే గద. ఐఎస్ఐ మార్కేది?"

ఆటబొమ్మలకు ఐఎస్ఐ మార్కు 2021 జనవరి నుంచి తప్పనిసరి, నిజమే. కానీ ఆ రూలు 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకునే వాటికి. నా పెట్టె మీద 14 దాటినవారికే అని అచ్చువేసి ఉంది. చూపించాను. ఆయన చదవలేదు.

"మీకెన్నేండ్లు?"

"నలభై ఏడు."

"పిల్లలున్నరా?"

"ఉన్నారు."

"మరింకేంది, వాళ్లకే గద!" అని పెట్టె ఎత్తి పక్క సీటాయనకు చూపించి నవ్వాడు. నా వెనక లైన్లో ఉన్నవాళ్లూ నవ్వారు. ఇరవై రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను, అంత తల దించుకున్న రోజు లేదు. నిర్మల్ బొమ్మను షోకేసులో పెట్టుకుంటే కళ అంటారు, నేను చరిత్ర చదివి రంగులు వేస్తే పిల్లాటనా?

ఆ ఎరుపు ఎందుకు ముఖ్యమో అక్కడే చెప్పబోయాను, "నెక్స్ట్" అన్నాడు. ఇక్కడ చెబుతాను. చందుర్తిలో ఫోర్డ్ సిపాయిలకూ ఎర్ర కోట్లే. ఇంగ్లిష్ పటాలం ఎత్తైన చేను చాటున పడింది. ఎర్ర కోట్లు చూసి ఫ్రెంచివాళ్లు సిపాయిలనే ఇంగ్లిష్‌వాళ్లనుకుని వాళ్ల మీద పడ్డారు. సిపాయిలు చెదిరారు. తరుముతూ వరస తప్పిన ఫ్రెంచివాళ్ల మీద అసలు పటాలం పక్క నుంచి కాల్చింది. కోస్తా ఎవరి చేతికి పోవాలో తేల్చిన యుద్ధంలో ఒక కోటు రంగుకు ఇంత పనుంది. మన నేల మీద జరిగింది మనమే చదవకపోతే ఎవరు చదువుతారు?

రెండోసారి వెళ్తే ఆయన సెలవు. ఆ రోజు రైలు ఛార్జీలు, సెలవు రెండూ దండగ. ఫోన్లు మాత్రం చేయకండి, ఎవరూ ఎత్తరు. మూడోసారి బిల్లు, ఆధార్ కాపీ, పెట్టె మీది అక్షరాల ఫొటో, ఒక పేజీ ఉత్తరం పట్టుకెళ్లాను. ఇంకో సీట్లో ఉన్న మేడమ్ ఉత్తరం మొత్తం చదివి, "పెద్దవాళ్ల మోడల్సే కదా" అని సంతకం పెట్టింది. రెండు నిమిషాలు! సుంకం కట్టి వచ్చేశాను. మీరు తెప్పించుకుంటే, అమ్మేవాళ్లకు ముందే మెయిల్ పెట్టి ఆ వయసు సంగతి పార్సిల్ పైనే రాయించండి. లోపలి పెట్టె మీద ఉంటే ఎవరూ చూడరు.

ఇక రంగుల సంగతి. నల్ల ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) మీద ఎరుపు నేరుగా వేస్తే పట్టదు, ముందు గోధుమరంగు వేయాలి. స్ప్రే ప్రైమర్ మన ఎండల్లో మధ్యాహ్నం కొట్టొద్దు. గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసుకలా పడుతుంది. పొద్దున్నే కొట్టండి.

రాత్రి ఆరుగురు సిపాయిల మీద పోతపోసిన అచ్చు వదిలిన అతుకుల గీతలు అరగదీశాను. తెల్లవారుజామున డాబా మీద ప్రైమర్ కొట్టి, తర్వాత గోధుమరంగు వేశాను. అదీ ఆరింది. ఈ రాత్రి ఎరుపు మొదలుపెడతాను.