మిడిమిడి జ్ఞానం ఎవరిది?

విదేశాల్లో పుట్టి పెరిగిన పిల్లల తెలుగు గురించి మాట్లాడేటప్పుడు మనవారు చాలా తేలికగా అనేసే మాట ‘మిడిమిడి జ్ఞానం’. న్యూజెర్సీలో ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే తెలుగు నేర్పుకుంటున్న తల్లిగా, ఆ మాటను పసిపిల్లల మీద వాడడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

కొద్దిగా తెలిసినంత మాత్రాన అది మిడిమిడి జ్ఞానం కాదు. నాలుగు మందుల పేర్లు తెలుసుకొని ఇంటిల్లిపాదికీ వైద్యం చేయబూనేవారికి ఆ మాట సరిగ్గా సరిపోతుంది. భర్తృహరి నీతిశతకంలో ‘జ్ఞానలవదుర్విదగ్ధుడు’ అన్నది ఇటువంటివారినే. ఏమీ తెలియనివాడికి సులువుగా చెప్పవచ్చు, బాగా తెలిసినవాడికి మరింత సులువుగా చెప్పవచ్చు, రవ్వంత తెలిసి గర్వించేవాడిని మెప్పించడం మాత్రం బ్రహ్మకైనా సాధ్యం కాదని ఆ శ్లోకం చెబుతుంది. ఏనుగు లక్ష్మణకవి దానిని ‘తెలియని మనుజుని సుఖముగ’ అంటూ కందపద్యంగా తెనిగించాడు. అక్కడ తప్పుపట్టింది గర్వాన్నే గాని, తెలిసినది తక్కువ కావడాన్ని కాదు.

మా పాప ఫోనులో “తాతయ్యా, నిన్న మనం మ్యూజియానికి వెళ్ళాం” అంటుంది. వినేవారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’ అన్న తేడా ఇంగ్లీషులో లేదు కాబట్టి, బడిలో రోజంతా ఆ భాషే మాట్లాడే ఎనిమిదేళ్ళ పిల్లకు అది ఒక పట్టాన అలవడదు. గుంటూరు నుంచి మా నాన్నగారు “మేము అనాలమ్మా, నేను మీతో రాలేదుగా” అంటారు. అది వెంటనే సరిదిద్దుకొని కబురు కొనసాగిస్తుంది. ఇదే పొరపాటుకు ఒక బంధువు “అంతా మిడిమిడి జ్ఞానం” అన్నప్పుడు, మాటకు అర్థం తెలియకపోయినా గొంతులోని చులకనను పసిగట్టి, ఆ పూటకు ఇక తెలుగు మాట్లాడలేదు.

ఇటువంటి భాషకు ‘వచ్చీరాని తెలుగు’ అన్న మాట మనకు ఉండనే ఉంది. అందులో లోపం ఉన్న సంగతీ తెలుస్తుంది, నేర్చుకుంటున్నారన్న ఆప్యాయతా వినిపిస్తుంది. పెద్దవారి విషయంలోనైతే ‘కొద్దిపాటి పరిచయం ఉంది’ అంటే మర్యాదగా ఉంటుంది.

మా పెద్దవాడు రెండు వీడియోలు చూసి భారతదేశ చరిత్ర మీద తీర్పులు చెప్పబోతే, మిడిమిడి జ్ఞానం పనికిరాదని నేనే మందలిస్తాను. నెల రోజులు చుట్టపుచూపుగా వచ్చి, ఇక్కడి పిల్లలకు ఏమీ రాదని తేల్చేసే పెద్దలకూ ఆ మందలింపు వర్తిస్తుంది.