చెమట ఆరితేనే చల్లదనం

అమలాపురంలో మే నెల ఉక్కపోత చూసి అనంతపురం నుంచి వచ్చిన మా బావ "మా దగ్గర ఎండ ఇంకా ఎక్కువే గానీ ఇలా ప్రాణం తోడేయదు" అన్నాడు, నిజమే. గ్రాము నీళ్లని 0 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కేలరీల వేడి చాలు, అక్కడి నుంచి ఆవిరి చేయడానికి మాత్రం ఇంకో 540 కావాలి! ఒంటి మీద ఆరే చెమటకైతే దాదాపు 580, అందులో ఎక్కువ భాగం మన ఒంట్లోంచే లాగేసుకుంటుంది. కానీ ఇక్కడ కాలువలు, చేలు, పక్కనే సముద్రం, గాలి నిండా తేమే కదా, చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది, కారిపోయిన చెమట ఒంటిని చల్లార్చదు. కుండలో నీళ్లూ అందుకే అంతగా చల్లబడవు. ఈ ఉక్కలో ధాన్యం బస్తాలు మోసేవాళ్లని చూస్తే భయమేస్తోంది. 36 డిగ్రీలే కదా అనుకోకండి, మధ్యాహ్నం వాళ్లని కాసేపు ఫ్యాన్ కింద కూర్చోనివ్వండి.